వాచీ వెనక 50 మీటర్లని రాసుంటే చెరువులో ముంచొచ్చా?

ఈసారి పోస్టు వరి గురించి కాదు, రొయ్య రేటు గురించీ కాదు. చేతికి పెట్టుకునే వాచీ గురించి. "వ్యవసాయం పేజీలో వాచీల గోలేంది" అని పైకి జరిపెయ్యబాకండి. మన పనికీ దీనికీ సంబంధం ఉంది, చివరికొచ్చేసరికి ప్రాణాల దాకా ఉంది. కాస్త పొడుగ్గా ఉంటది, మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరిగ్గా చదువుకోండి.

ముందు మీ చేతికున్న వాచీ తీసి వెనక్కి తిప్పండి. స్టీలు మూత మీద సన్న అక్షరాల్లో వాటర్ రెసిస్టెంట్ అనో, 3 బార్, 5 బార్, 10 ఏటీఎం అనో, లేదా 30 మీటర్లు, 50 మీటర్లు, 100 మీటర్లు అనో చెక్కి ఉంటది. ఇప్పుడు పిల్లలు అమెరికా నుంచీ గల్ఫ్ నుంచీ హైదరాబాద్ నుంచీ తండ్రులకి పంపే వాచీల్లో ఒక రకం బాగా కనబడుతోంది. లావుపాటి స్టీలు డబ్బా, పెద్ద డయలు, దాని లోపల మళ్ళీ మూడు బుల్లి డయళ్ళు, పక్కన ఒకటికి మూడు గుబ్బలు. దాన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. మామూలు వాచీలో స్టాప్ వాచీ కలిపి పెట్టిందన్నమాట. పై బటను నొక్కితే లెక్క మొదలవుద్ది, మళ్ళీ నొక్కితే ఆగుద్ది, కింది బటను నొక్కితే ముల్లు సున్నాకొస్తది. నడిమి గుబ్బ టైము దిద్దుకోవడానికి. చాలా వాటిల్లో నడిమిన ఉండే పొడుగాటి సెకన్ల ముల్లు ఈ స్టాప్ వాచీదే, బటను నొక్కిందాకా అది 12 దగ్గర కదలకుండా ఉంటది. అది చూసి వాచీ ఆగిపోయిందనుకుని బ్యాటరీ మార్పించుకొచ్చిన వాళ్ళు మా ఊళ్ళో ఇద్దరున్నారు.

మన నాన్నల కాలంలో ఈ గొడవ లేదు. పెళ్ళికి హెచ్‌ఎంటీ పెట్టేవాళ్ళు. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగుళూరులో మొదలైంది ఆ వాచీల తయారీ. 2016లో ప్రభుత్వం మూసెయ్యాలని నిర్ణయం తీసుకునేదాకా మూడు తరాల చేతుల మీద ఆడింది. దమ్ములోకి దిగే ముందు మా నాన్న ఆ వాచీ తీసి తువ్వాలు చెంగులో ముడేసి, గట్టు మీద తాటి మొదలు నీడన పెట్టేవాడు. నీళ్ళు తట్టుకుంటుందని దాని మీద ఎవడూ రాయలేదు, ఆయనా దాన్ని తడపలేదు. మన వాచీల మీద అంకె రాసుంది, అందుకని ధైర్యంగా తడుపుతున్నాం. అసలు తేడా అక్కడే వచ్చింది.

మా పెదనాన్న వరసాయన ఒకాయనకి రేపల్లె కింద రొయ్యల చెరువుంది. కొడుకు అమెరికాలో ఉద్యోగంలో చేరి మొదటి జీతంతో క్రోనోగ్రాఫ్ పంపాడు. వెనక 50 మీటర్లని ఉంది. ఈయన దాన్ని షోకు కోసం పెట్టుకోలేదు, పనికి పెట్టుకున్నాడు. మేత చల్లి, చెక్ ట్రేలో ఇంత మేతేసి నీళ్ళల్లోకి దించేటప్పుడు పై బటను నొక్కేవాడు. గంటన్నరకో రెండు గంటలకో ట్రే లేపేటప్పుడు ఆపేవాడు. ఎంతసేపటికి ఎంత మేత మిగిలిందో పుస్తకంలో రాసుకునేవాడు. ఆయన లెక్కలు చూస్తే టెక్నీషియన్లు కూడా మెచ్చుకునేవాళ్ళు. అయితే బటను నొక్కేది ఎప్పుడంటే, రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్ళల్లో ఉండగానే. రోజుకి నాలుగు మేతలు, నాలుగు సార్లు.

మొన్న వేసవిలో బ్యాటరీ అయిపోతే దారిలో ఎక్కడో ఒక కొట్లో వేయించాడు. తర్వాత రెండు నెలలకి ఒక పొద్దున అద్దం లోపల ఆవిరి పట్టింది. ఎండెక్కేసరికి పోయింది. మర్నాడు మళ్ళీ పట్టింది. నాలుగోనాడు ముళ్ళు ఆగినయ్. నేను తెనాలి వెళ్తున్నానని తెలిసి నా చేతికిచ్చి ఒక ప్రశ్న వేశాడు.

"ఒరే అబ్బాయ్, దీని మీద 50 మీటర్లని రాశారు గదరా. మన చెరువు ఎంత లోతు? మీటరున్నర. యాభై మీటర్లు తట్టుకునేది మీటరున్నరకే చచ్చిందంటే ఇది దొంగ సరుకన్నట్టే గదా?"

"తెలియదు పెదనాన్నా, అడిగొస్తా" అన్నా.

ఈ పోస్టంతా ఆ ప్రశ్నకి జవాబే. తెనాలిలో నలభై ఏళ్ళుగా వాచీలు విప్పుతున్న పెద్దాయన ఒకాయన, కంటికి భూతద్దం బిగించుకుని మూత తెరిచి, "చూడండి" అని నా చేతికిచ్చాడు. లోపల పచ్చగా చిలుం, పళ్ళ చక్రాల మీద తుప్పు. బటను కాడ చుట్టూ తెల్లటి ఉప్పు. వెనక మూత కింద ఉండే రబ్బరు రింగు ఒక చోట నలిగి తెగి ఉంది. "బ్యాటరీ వేసినాయన రింగు సరిగా కూర్చోబెట్టకుండా మూత నొక్కేశాడు. సగం పని అక్కడ అయింది, మిగతా సగం బటను చేసింది" అన్నాడు. సరుకు దొంగదా అని అడిగా. "కాదండీ, మంచి వాచీనే. ఆ యాభై మీటర్లనేది మీరు దిగే లోతు కాదు" అన్నాడు.

మరి ఆ అంకె ఏంది? మనకి అర్థమయ్యే లెక్కలో చెబుతా. పవర్ స్ప్రేయరు మీద గేజీ ఉంటది, అందులో కేజీల ప్రెషరు చూస్తాం గదా. పది మీటర్ల నీటి ఎత్తు అంటే ఆ గేజీలో ఒక కేజీ, అంటే చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ బరువు. బోరుకి హెడ్డు లెక్కేసేటప్పుడు వాడేది కూడా ఇదే లెక్క. బార్ అన్నా, ఏటీఎం అన్నా దగ్గరదగ్గర అంతే. కాబట్టి 50 మీటర్లంటే 5 కేజీల ప్రెషరు. కొత్త వాచీని, అన్ని గుబ్బలూ మూసి ఉండగా, కదపకుండా ఆ ప్రెషరులో కాసేపు ఉంచితే నీళ్ళు దూరలేదు అని దానర్థం. దీనికి 2010లో వచ్చిన ఐఎస్ఓ 22810 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్రతి వాచీనీ పరీక్షించక్కర్లేదు, కొన్నిటిని తీసి చూసినా సరిపోద్ది. మనం ధాన్యం బస్తాల్లో బొంగు పొడిచి శాంపిల్ చూసినట్టు. పాతకాలంలో వాటర్ ప్రూఫ్ అని రాసేవాళ్ళు. నీటికి పూర్తిగా చెక్కుచెదరని వాచీ ఉండదు గనక అమెరికాలో నియంత్రణ సంస్థలు ఆ మాట వద్దన్నయ్, కంపెనీలు రెసిస్టెంట్ అనే మాటకి దిగినయ్. రెసిస్టెంట్ అంటే ఎదురు నిలుస్తుందనే, ఎన్నేళ్ళు నిలుస్తుందో దాని మీద రాయరు.

ఇప్పుడు పెదనాన్న చెయ్యి చూద్దాం. మోచెయ్యి దాకా అంటే అర మీటరు లోతు. ప్రెషరు 0.05 కేజీ. వాచీ మీద రాసిన దాంట్లో నూరో వంతు. అంటే దాన్ని చంపింది లోతు కాదు. లోతైతే అది యాభై మీటర్ల దాకా కాచుకునేదే.

చంపింది బటను. క్రోనోగ్రాఫ్ బటను లోపల సన్న కాడ ఒకటి గొట్టంలో ముందుకీ వెనక్కీ జరుగుద్ది. నీళ్ళు పోకుండా కాడ చుట్టూ ఆవగింజంత ఓ రింగు. ఇది అచ్చంగా మన పంపు గ్లాండే. పంపు ఆగి ఉన్నప్పుడు గ్లాండు కారదు, షాఫ్టు తిరిగేటప్పుడే చుక్కా చుక్కా కారుద్ది. ఆగి ఉన్న చోట రబ్బరు అతుక్కుని ఉంటది, కదిలే చోట సందు వెతుక్కుంటది. బటను నొక్కినప్పుడు తడిసిన కాడ లోపలికి పోతూ ఒక పొర నీళ్ళని వెంట తీసుకుపోద్ది. ఒక్కసారికి ఏమీ కాదు. రోజుకి నాలుగు సార్లు, అదీ ఉప్పునీళ్ళల్లో, ఆరిపోయాక ఆ ఉప్పు గట్టిపడి గరుకు కాగితంలాగా రబ్బరుని గీరుతుంటే మూడేళ్ళు ఆగడమే గొప్ప. మామూలు వాచీకి నీళ్ళు దూరడానికి మూడు దారులు, అద్దం అంచూ, వెనక మూతా, గుబ్బా. క్రోనోగ్రాఫ్‌కి ఐదు. పైగా ఆ రెండు ఎక్కువ దారులూ కదిలేవి. అందుకే వాచీతో పాటు వచ్చే చిన్న పుస్తకంలో దాదాపు ప్రతి కంపెనీ రాస్తది, నీళ్ళల్లో ఉన్నప్పుడు, తడిగా ఉన్నప్పుడు బటన్లు నొక్కొద్దని. ఆ పుస్తకం ఎవరు చదివారు? మన ఇళ్ళల్లో అది డబ్బాతో సహా బీరువా మీదికెక్కుద్ది.

ఎండ కూడా ఒక చెయ్యి వేస్తది. మూత గట్టిగా బిగించిన ఖాళీ నీళ్ళ సీసాని ఎండలో నుంచి తీసి బానలో పడేస్తే లోపలికి నొక్కుకుపోద్ది, చూసే ఉంటారు. వాచీ లోపల గాలి కూడా అంతే. మే నెలలో గట్టు మీద స్టీలు వాచీ 50 డిగ్రీలకి కాగి ఉంటది. దాన్ని 28 డిగ్రీల చెరువు నీళ్ళల్లో పెడితే లోపలి గాలి చల్లబడి సుమారు 7 శాతం ప్రెషరు తగ్గుద్ది. అంటే ఇంకో 70 సెంటీమీటర్ల లోతుకి దిగినట్టు. అర మీటరు లోతులో ఉన్న చేతికి ఇది లోతు కంటే పెద్ద లెక్క. రబ్బరు బాగుంటే దీన్నీ తట్టుకుంటది, బాగోకపోతే లోపలికి పీల్చుకుంటది.

నీళ్ళల్లో చెయ్యి ఊపితే ప్రెషరు పదింతలు పెరుగుద్దని కొందరు చెబుతారు. నేను లెక్కేశా. సెకనుకి 5 మీటర్ల వేగంతో చెయ్యి విసిరినా, అది గజ ఈతగాడి వేగం, అదనంగా పడేది 1.25 మీటర్ల నీళ్ళంత. అది భయపడాల్సిన విషయం కాదు. భయపడాల్సింది వేరే ఉంది. పని అయ్యాక స్ప్రేయరు గన్నుతో ట్రాక్టరుతో పాటు చేతులూ వాచీ కడిగేసుకునేవాళ్ళు. గేజీలో 20, 30 కేజీలుండగా దగ్గర నుంచి కొడితే 5 కేజీల వాచీ ఏం చేస్తది? అలాగే పురుగుమందు. ఈసీ అని రాసుండే మందుల్లో పెట్రోలు జాతి ద్రావకాలుంటయ్, అవి రబ్బరుని ఉబ్బించి మెత్తగా చేస్తయ్. స్ప్రేయరు వాషర్లు ఎందుకు తొందరగా పోతయ్యో మనకి తెలుసు. వాచీ రింగు కూడా ఆ జాతిదే, కాకపోతే పోయినట్టు మనకి కనబడదు.

మరి అసలు నీళ్ళల్లో వాడే వాచీలే లేవా అంటే ఉన్నయ్. వాటి కథ బాగుంటది.

1927 అక్టోబరు 7న మెర్సిడెస్ గ్లైట్జ్ అనే ఇంగ్లండు అమ్మాయి, ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్యనున్న సముద్రాన్ని ఈదింది. కొందరు నమ్మలేదు. నిరూపించడానికి అదే నెల 21న మళ్ళీ దిగింది. రోలెక్స్ కంపెనీ ఆయన తన కొత్త వాచీ ఒకటి ఆవిడకిచ్చాడు. చేతికి కాదు, మెళ్ళో వేలాడదీసుకుంది. గడ్డకట్టే చలిలో పది గంటలకు పైగా ఉండి, ఇక వల్ల కాక ఆవిణ్ణి పడవలోకి లాగేశారు. ఒడ్డు చేరలేదు గానీ వాచీ ఆడుతూనే ఉంది. నవంబరులో లండన్ పత్రిక మొదటి పేజీ నిండా ప్రకటన వేయించుకున్నాడాయన. అయితే ఒకటి గమనించండి, ఆ వాచీకి పక్కన బటన్లు లేవు. ఒక్క గుబ్బ, అదీ సీసా మూతలాగా మర తిప్పి బిగించేది.

తర్వాత 1953లో బ్లాంక్‌పాన్ అనే స్విస్ కంపెనీ మునిగే సైనికుల కోసం ఒక వాచీ చేసి ఫిఫ్టీ ఫాథమ్స్ అని పేరు పెట్టింది. ఫాథమ్ అంటే ఏందో తెలుసా? మన బారే. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఉండే పొడుగు, ఆరడుగులు. నిజాంపట్నం పడవల వాళ్ళని లోతు అడగండి, ఇన్ని బారలని చెబుతారు. యాభై బారలంటే 91 మీటర్లు. స్విస్ వాళ్ళు కోట్లు పెట్టి అమ్ముకున్న పేరు మన రేవులో రోజూ నోట్లో నలిగే మాటే.

ఆ వాచీకి డయలు చుట్టూ అంకెలున్న ఒక చక్రం ఉంది. మునిగేవాడు దిగేముందు దాన్ని తిప్పి, గుర్తుని నిమిషాల ముల్లు ఎదురుగా పెట్టుకుంటాడు. దిగి ఎన్ని నిమిషాలయిందో చూపు పడగానే తెలుస్తది. బటను నొక్కే పనే లేదు. నాకు బాగా నచ్చింది ఏందంటే, మంచి డైవింగు వాచీల్లో ఆ చక్రం ఒక వైపుకే తిరుగుద్ది. రాయికి తగిలి పొరపాటున జరిగినా, దిగి ఎక్కువసేపయినట్టు చూపిస్తది గానీ తక్కువసేపయినట్టు చూపించదు. మనిషి ముందే పైకొచ్చేస్తాడు, అంతే నష్టం. వీపు మీద గాలి సిలిండరున్నవాడికి నిమిషాలు తప్పితే ప్రాణం తప్పినట్టే గనక అలా చేశారు. ఇలాంటి వాచీలకి ప్రమాణం వేరు, ఐఎస్ఓ 6425. అందులో శాంపిల్ లెక్క లేదు, ప్రతి వాచీనీ పరీక్షించాలి. 200 మీటర్లని రాయాలంటే 250 మీటర్ల ప్రెషరులో పెట్టి చూడాలి. వేడినీళ్ళల్లో నుంచి చన్నీళ్ళల్లోకి మార్చి చూడాలి. ఆ పరీక్షలన్నీ నెగ్గిన దాని మీదే డైవర్స్ అనే మాట, పక్కన 200 మీటర్లని రాస్తారు. డైవర్స్ అనే మాట లేకుండా ఉత్తి 200 మీటర్లంటే అది వేరే సరుకు.

డైవింగు వాచీకి క్రోనోగ్రాఫ్ బటన్లు కూడా పెడితే? అక్కడే ఇంజనీర్లకి చెమటలు పట్టినయ్. కొన్నిటికి బటన్ల మీద మర బిగింపు పెట్టారు, దిగేముందు బిగించుకుంటే నొక్కుదామన్నా నొక్కబడవు. ఒడ్డుకొచ్చి ఆరాక విప్పుకోవాలి. 1993లో ఒమేగా తెచ్చిన సీమాస్టర్ డైవర్ క్రోనోగ్రాఫ్‌లో నీళ్ళల్లోనే నొక్కేట్టుగా బటన్లు చేశారు. బ్రైట్‌లింగ్ వాళ్ళు ఇంకో దారి పట్టారు. బటనులో అయస్కాంతం పెట్టి, డబ్బాకి రంధ్రం లేకుండా స్టీలు గోడ అవతలి నుంచే లోపలి మీటకి సైగ అందేట్టు చేశారు. రంధ్రమే లేకపోతే నీళ్ళెక్కణ్ణుంచి దూరతయ్? ఆలోచన అద్భుతం. ధర వింటే మాత్రం ఎకరం కౌలు గుర్తొస్తది. మన పిల్లలు పంపే వాచీలు ఈ జాతివి కావు, ఆకారం మటుకే అది. చుట్టూ చక్రం, లావు గుబ్బలు చూసి మునిగే వాచీ అనుకోబాకండి. వెనక డైవర్స్ అని ఉందా, బటన్లు నీళ్ళల్లో నొక్కొచ్చని పుస్తకంలో ఉందా, ఆ రెండే చూడండి.

కుర్రాళ్ళు పెట్టుకునే స్మార్ట్ వాచీలది ఒక్క ముక్కలో చెబుతా. ఐపీ 67 అంటే మీటరు లోతు మంచినీళ్ళల్లో అరగంట, అంతవరకే పరీక్ష. ఐపీ 68 అంటే అంతకంటే ఎక్కువ, ఎంతనేది కంపెనీ చెప్పాలి. సూర్యలంక బీచ్‌లో అలలకి అడ్డం నిలబడి సెల్ఫీలు దిగడానికి ఇచ్చిన హామీ కాదది.

ఇంతా చెప్పి వాచీ బీరువాలో పెట్టమనడంలేదు. క్రోనోగ్రాఫ్ పొడి చేత్తో వాడితే రైతుకి ఉన్నంత ఉపయోగం ఇంకెవరికీ లేదు. పంపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి బటను నొక్కండి. 20 సెకన్లకి నిండితే సెకనుకి 10 లీటర్లు. ఎకరానికి అంగుళం నీళ్ళు పెట్టాలంటే సుమారు 1,02,800 లీటర్లు కావాలి, అంటే 2 గంటల 51 నిమిషాలు. నీళ్ళ వంతులు పంచుకునే చోట ఈ లెక్క చేతిలో ఉంటే గట్టు మీద మాటామాటా పెరగదు. శివారు భూముల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పైవాడి "ఇంకో అరగంట" ఎంతసేపుంటదో. బోదెలో పారుదల చూడాలంటే పది మీటర్లు కొలిచి కొబ్బరి చిప్ప వదిలి టైము చూడండి. నొక్కేముందు చెయ్యి తుడుచుకోవాలి, అంతే.

నీళ్ళు దూరినయ్యని అనుమానం వస్తే బియ్యం డబ్బాలో పెట్టి వారం మర్చిపోబాకండి. బియ్యం బయటి తేమ లాగుతయ్ గానీ మూత బిగించి ఉన్న డబ్బా లోపలిది ఎట్లా లాగుతయ్? ఎండలో పెట్టినా ఆవిరి అక్కడక్కడే తిరుగుద్ది. అద్దం లోపల ఒక్కసారి మబ్బు పట్టి పోయిందంటే అదే గంట కొట్టినట్టు, ఆ రోజే రేపల్లె పాసింజరెక్కి తెనాలి పోయి మూత తీయించండి. ఉప్పునీళ్ళయితే రేపనేది లేదు. బ్యాటరీ మార్పించినప్పుడల్లా రింగులు కూడా చూడమనండి, అవసరమైతే మార్చమనండి. ప్రెషర్ టెస్ట్ చేసే మిషను పెద్ద సర్వీసు సెంటర్లలో ఉంటది. అది లేని కొట్లో వేయించుకుంటే, ఆనాటి నుంచి వెనక రాసిన అంకె లేనట్టే లెక్క. చెరువులో నుంచో సముద్రంలో నుంచో వచ్చాక గుబ్బలు కదపకుండా మంచినీళ్ళతో కడిగి తుడవండి.

పెదనాన్న వాచీకి లోపలి మిషనంతా మార్చాలన్నారు. ఖర్చు చెప్తే వద్దన్నాడు. కొడుక్కి చెప్పమంటే చెప్పడు. ఆదివారం వీడియో కాల్ వచ్చే టైముకి ఆ ఆగిపోయిన వాచీనే తుడిచి పెట్టుకుని కూర్చుంటాడు. "వాడు చేతి వంక చూస్తాడు గదరా" అంటాడు. ఈ పోస్టు చదివే అమెరికా పిల్లలెవరైనా ఉంటే, వాచీ పంపేటప్పుడు ఆ పుస్తకంలోని నాలుగు మాటలు ఫోన్లో తెలుగులో చెప్పండి నాయనా.

ఇక ప్రాణాల సంగతన్నా గదా. కాలవకి నీళ్ళొదిలాక మన దగ్గర ఏటా జరిగేదే. గుర్రపుడెక్క వచ్చి తూముకి అడ్డం పడుద్ది, నీళ్ళు ఎక్కవు. ఎవరో ఒక ధైర్యస్తుడు చొక్కా విప్పి మునుగుతాడు. వాచీ నీళ్ళు తట్టుకునేదని చేతికి ఉంచుకునే మునుగుతాడు కొందరు. దాంతో లోపల ఏం చూస్తాడు? బురద నీళ్ళల్లో చెయ్యే కనబడదు. గట్టు మీద పదిమంది నిలబడి కబుర్లు చెప్పుకుంటుంటారు. లోపలికి పోయి ఎంతసేపయిందంటే ఒకడు అర నిమిషమంటాడు, ఒకడు రెండు నిమిషాలంటాడు.

తూము లెక్క వినండి. అడుగు వెడల్పు గుండ్రటి తూము, ఇవతలికీ అవతలికీ నీళ్ళ మట్టంలో మీటరున్నర తేడా. అడ్డం తీసిన క్షణంలో మనిషి వీపో పొట్టో ఆ మూతికి అతుక్కుంటే పట్టి లాగే బలం 100 కేజీల పైన. పైనుంచి ఒక్కడు లాగితే రాడు, వాడంతట వాడు అసలే రాలేడు. మామూలు మనిషి ఊపిరి బిగబట్టేది నిమిషం అటూ ఇటూ. దిగేముందు గబగబా పది సార్లు ఊపిరి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండొచ్చంటారు, అది ఇంకా ప్రమాదం. ఊపిరి కావాలనే బాధ తెలియకుండానే నీళ్ళల్లో స్పృహ తప్పుద్ది.

అందుకని క్రోనోగ్రాఫ్ ఉండాల్సింది మునిగేవాడి చేతికి కాదు, గట్టు మీద ఉన్నవాడి చేతికి. ముందు షట్టరు దించి నీటి తేడా తగ్గించాలి. వీలైతే పొడుగాటి కొక్కేనికే పని చెప్పాలి. మనిషి దిగక తప్పకపోతే నడుముకి తాడు, తాడు కొస ఇద్దరి చేతుల్లో, పొడి చేతులున్న ఇంకొకడు కబుర్లు మానేసి వాచీ చూడాలి. తల మునగ్గానే బటను, ముప్ఫై సెకన్లకి తాడు కదుపు, జవాబు రాకపోతే లాగుడే, అడిగేదేం లేదు.

మా ఊళ్ళో ఈసారి తాడు కొన్నాం, కొక్కెం చేయిస్తున్నాం. వాచీ చూసే పని పెదనాన్నకి అప్పజెప్పాం, మా మేనల్లుడి స్టాప్ వాచీ ఆయన చేతికి పెట్టి. మీ తూముల దగ్గర ఏం చేస్తున్నారో కింద రాయండి. షట్టరు పని చెయ్యని తూములు ఎక్కడెక్కడ ఉన్నయ్యో కూడా రాయండి, అన్నీ కలిపి ఒకే అర్జీగా పెడదాం.